పల్లె ప్రణాళికలో వాతావరణ మార్పును ఎక్కడ, ఎలా కలపాలి?

కొన్నేళ్ల కిందట ఒక మండలంలోని పంచాయతీ ప్రణాళికలు చదివి అభిప్రాయం చెప్పే పని నా మీద పడింది. పన్నెండు చదివాను. పదకొండింటి చివర "వాతావరణ మార్పులు" అని ఒక పేజీ ఉంది. పదకొండింట్లోనూ అదే పేజీ. భూతాపం పెరుగుతోంది, మొక్కలు నాటాలి, ప్లాస్టిక్ వాడరాదు. ఒకదాంట్లో అయితే పక్క ఊరి పేరు కూడా మార్చలేదు. ఆ పేజీకి ముందున్న పనుల పట్టికలో మాత్రం, రెండేళ్లకోసారి వాగుకు కొట్టుకుపోయే కల్వర్టును మళ్లీ అదే సైజులో, అదే చోట కట్టడానికి ఎస్టిమేటు వేసి ఉంది.

వాతావరణం ఉండాల్సింది ఆ చివరి పేజీలో కాదు, ఆ కల్వర్టు ఎస్టిమేటులో. మీరు సర్పంచ్ అయినా, వార్డు మెంబరైనా, పంచాయతీ కార్యదర్శి అయినా, ఊరి మీద పట్టింపు ఉన్న మామూలు మనిషైనా సరే, ఆ మార్పు ఎలా తేవాలో వరసగా చెబుతాను.

పైనున్న మెట్లు కాస్త తెలుసుకుందాం, ఎందుకంటే రేపు డబ్బు అడిగేటప్పుడు ఈ పేర్లే పనికొస్తాయి. కేంద్రం 2008 జూన్ 30న వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. సౌరశక్తి, నీరు, వ్యవసాయం, హరిత భారత్ వంటి 8 మిషన్లు అందులో ఉన్నాయి. తరవాత రాష్ట్రాలు కూడా తమ తమ కార్యాచరణ ప్రణాళికలు తయారు చేసుకున్నాయి. 2030 నాటికి ఉద్గారాల తీవ్రతను (జీడీపీలో ఒక్కో రూపాయికి వెలువడే ఉద్గారాలను) 2005తో పోలిస్తే 45 శాతం తగ్గిస్తామని 2022 ఆగస్టులో, 2070 నాటికి నికర సున్నాకు (వదిలినంత ఉద్గారాలనూ తిరిగి పీల్చుకునే స్థితికి) చేరతామని 2021లో గ్లాస్గోలో మన దేశం మాట ఇచ్చింది. ఇవన్నీ పెద్ద లెక్కలు. కానీ చెరువులు, తాగునీరు, చిన్ననీటి పారుదల, రోడ్లు, కల్వర్టులు, సామాజిక అడవులు, సంప్రదాయేతర ఇంధనం లాంటి 29 విషయాలు రాజ్యాంగం పదకొండో షెడ్యూలు ప్రకారం పంచాయతీలకు అప్పగించదగ్గవి. ఢిల్లీ మిషన్లలో సగం చివరికి వచ్చి వాలేది మీ పంచాయతీ ఆఫీసు బల్ల మీదే.

ముందు క్యాలెండర్ చూడండి

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, అందరూ జీపీడీపీ అనేది, సాధారణంగా అక్టోబరు 2న మొదలయ్యే ప్రచారంతో ఊపందుకుంటుంది. 2018 నుంచి ఇదే పద్ధతి. గ్రామసభలు జరిగి, పనులు ఖరారై, ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లోకి ఎక్కేస్తాయి. మనవాళ్లు వాతావరణం గుర్తొచ్చి ఆఫీసుకు వచ్చేది మార్చిలో, ఎండ మొదలయ్యాక. అప్పటికి పట్టిక మూసేసి ఉంటుంది. కార్యదర్శి పాపం ఏం చేస్తాడు, "వచ్చే ఏడాది చూద్దాం" అంటాడు.

కాబట్టి మీ పని మే నెలలో మొదలు కావాలి. మేలో బోర్లు ఎండినవి, ట్యాంకర్ నిలిచే చోటు, నీడ లేని బస్టాపు ఫొటోలు తీయండి. జులై, ఆగస్టుల్లో వాన కురుస్తుండగా గొడుగేసుకుని ఊరంతా తిరిగి నీరు ఎటు పోతోందో, ఎక్కడ నిలుస్తోందో ఫొటోలు తీయండి. సెప్టెంబరులో లెక్కలు. అక్టోబరు సభకు చేతిలో కాగితం ఉండాలి. ఫొటో మీద తేదీ తప్పనిసరి. సభలో "ఎప్పుడో ఒకసారి వచ్చిన నీళ్లకు ఇంత గోలా" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు తేదీలే మాట్లాడతాయి.

ఊరి జ్ఞాపకాన్ని కాగితం మీద పెట్టండి

ఒక చార్టు తీసుకుని గత పాతికేళ్లు నిలువుగా రాయండి. ఏ ఏడు కరువు, ఏ ఏడు వరద, ఏ ఏడు చెరువు అలుగు పారింది, ఏ ఏడు పశువులు అమ్ముకున్నారు, బోరు లోతు ఎన్ని అడుగులకు దిగింది. అడగాల్సింది పెద్ద రైతులను ఒక్కరినే కాదు. గొర్రెల కాపరులు, బట్టలు ఉతికేవాళ్లు, బోరు బండి ఏజెంటు, చేపల సొసైటీవాళ్లు. నీరు ఎక్కడ ఎప్పుడు ఉందో వీళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నెలలు అడిగితే తడబడతారు, కార్తెలు అడగండి. "మృగశిరలో విత్తనం పడేదా, ఆరుద్రకు జారిందా?" అంటే పెద్దవాళ్లు టకటకా చెబుతారు.

అనంతపురం వైపు ఒక కాపరి నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "వాన తగ్గిందని కాదు సార్, కుదురు తప్పింది. అప్పట్లో నాలుగు దినాలు ముసురు పట్టేది. ఇప్పుడు ఒగ రాత్రిలో గుమ్మరిచ్చి నెల కనపడదు." వాతావరణ శాస్త్రవేత్తలు పేజీలకొద్దీ రాసేదాని సారం ఇదే. దీన్ని అంకెల్లో సరిచూసుకోవాలి. మండల వర్షపాతం వివరాలు తహసీల్దారు ఆఫీసులో, ప్రణాళికా విభాగం దగ్గర దొరుకుతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. ఏడాది మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు అన్న అంకెతో ఆగిపోకండి. మరో మూడు అడగండి: వాన పడిన రోజులెన్ని (2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వానరోజు కింద లెక్క), వానకూ వానకూ మధ్య పొడి రోజులు ఎన్ని, ఒక్కరోజులో పడిన అత్యధిక వాన ఎంత. ఈ మూడో అంకెతో తరవాత పెద్ద పనుంది, దాచుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఊళ్లో జరిగిన ప్రతిదాన్నీ వాతావరణం మీదకు నెట్టడం తేలిక. వాగు కాలువను ఆక్రమించి షెడ్డు వేసినవాడికి అంతకంటే హాయి మరొకటి లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు కుండపోత వాన నిజమే, నీరు పోయే దారి ఇరుకైపోయిందన్నదీ నిజమే. మీ చార్టులో రెండు రంగులు వాడండి. ఆకాశం చేసినది నీలంలో, మనం చేసుకున్నది ఎరుపులో. ఎరుపు ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది, ఎందుకంటే అది మన చేతిలో ఉన్నది.

తరవాత ఊరి పటం గీసి, చెరువు, వాగు, పల్లపు ఇళ్లు, అంగన్‌వాడీ, ట్రాన్స్‌ఫార్మర్లు, తాగునీటి బోర్లు గుర్తించండి. రేకుల ఇళ్లు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లు, ఎండలో కూలికి వెళ్లే వీధులు వేరే గుర్తుతో పెట్టండి. సంఘం మహిళలు గ్రామ సమాఖ్య ద్వారా వేసే వీపీఆర్‌పీలో (గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళికలో) ఈ ఇళ్ల వివరాలు చాలావరకు ముందే ఉంటాయి. కొత్త సర్వే అని టెన్షన్ పడొద్దు, ఆ పుస్తకం అడిగి తీసుకోండి.

నీటి లెక్క వేయండి, అందరి ముందు

మొత్తంలో ఒక్కటే చేయగలరంటే ఇదే చేయమంటాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 తరవాత ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు కింద ఏడు కరువు జిల్లాల రైతులు తమ బోర్ల నీటి మట్టం తామే కొలిచి, రబీకి ముందు కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకున్నారు. పెద్ద చదువులు లేని రైతులే హైడ్రాలజీ మాట్లాడారు. ప్రాజెక్టు ముగిసినా ఆ పద్ధతి మిగిలే ఉంది, ఎవరైనా వాడుకోవచ్చు.

లెక్క ఇలా. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. హెక్టారు మీద అయితే పది వేల లీటర్లు, అంటే 10 ఘనపు మీటర్లు. మీ ఊరి విస్తీర్ణం 1,000 హెక్టార్లు, వాన 550 మిల్లీమీటర్లు అనుకుందాం. అది ఇంచుమించు అనంతపురం సగటు. మొత్తం పడిన నీరు 55 లక్షల ఘనపు మీటర్లు. వినగానే ఊరంతా సముద్రమైనట్టు ఉంటుంది. కానీ మన గట్టి రాతి నేలల్లో భూమిలోకి ఇంకేది సుమారు పదో వంతు. అంటే 5.5 లక్షలు. అందులో 70 శాతం దాటి తోడితే కేంద్ర భూగర్భ జల బోర్డు లెక్కలో మీరు సురక్షిత కోవలో ఉండరు. కాబట్టి వాడుకోదగ్గది 3.85 లక్షలు. రెండు వేల జనాభాకు మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 40 వేలు, పశువులకు ఓ 9 వేలు తీసేయండి. మిగిలింది 3.36 లక్షల ఘనపు మీటర్లు.

ఇప్పుడు సభలో అడగండి: దీంతో ఏం పండిద్దాం? వరికి 1,200 మిల్లీమీటర్ల దాకా నీరు కావాలి, హెక్టారుకు 12 వేల ఘనపు మీటర్లు. 28 హెక్టార్లు, అంటే 69 ఎకరాలు పండించేసరికి ఖజానా ఖాళీ. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు చాలు. అదే నీటితో 67 హెక్టార్లు, 166 ఎకరాలు. ఈ రెండు అంకెలు నల్లబల్ల మీద పక్కపక్కన రాసి, చాక్‌పీసు కింద పెట్టి, వచ్చి కూర్చోండి. తరవాతి అరగంట సభ తనంతట తానే నడుస్తుంది. కొందరు అరుస్తారు. "నా బోరు, నా కరెంటు, మధ్యలో పంచాయతీ ఏంది?" అంటారు. అరవనివ్వండి.

మీ ఊరి అంకెలు వేరుగా ఉంటాయి. చెరువు ఆయకట్టు ఉంటే, కాలువ నీరు వస్తే లెక్క మారుతుంది, డెల్టాలో అయితే పూర్తిగా వేరే కథ. భూగర్భ జల శాఖవాళ్లను పిలిస్తే సరిచేస్తారు. సరిగ్గా ఎంత అన్నది కంటే, ఊరికి ఒక పరిమితి ఉందని అందరి కళ్లకూ కనపడటం ముఖ్యం.

నిషేధాలతో మొదలుపెట్టొద్దు. మహారాష్ట్రలోని హివరే బజార్‌లో సాగుకు బోర్లు వద్దని, చెరకు వద్దని గ్రామసభ నియమం పెట్టుకుంది. పోపట్‌రావ్ పవార్ సర్పంచ్‌గా ఉండి ఏటా నీటి లెక్క చదివించి, దాన్నిబట్టి పంటలు నిర్ణయించే అలవాటు చేశారు. కానీ అక్కడ ముందు కందకాలు తవ్వారు, చెట్లు పెంచారు, బావుల్లో నీరు చూశారు. మన దగ్గర నీరు, భూమి, చెట్లను కాపాడటానికి 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, దాని అమలు ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. చట్టం కంటే నల్లబల్ల బలమైనది.

పనుల పట్టికను మూడు ప్రశ్నలతో జల్లెడ పట్టండి

ఇప్పుడు అసలు పని. ప్రతిపాదిత పనుల జాబితా ముందు పెట్టుకుని ఒక్కో పనికీ ఈ ప్రశ్నలు వేయండి. మనం చూసిన అతి పెద్ద వానకు, అతి పెద్ద ఎండకు ఇది నిలబడుతుందా? దీనివల్ల మరొకరికి, మరో చోట నష్టం ఉందా? పదేళ్ల తరవాత దీన్ని ఎవరు నిర్వహిస్తారు?

కల్వర్టు తీసుకోండి. పాత ఎస్టిమేటులో 600 ఎంఎం హ్యూమ్ పైపులు రెండు వరసలు అని ఉంటుంది, పోయినసారి అదే వేశారు కాబట్టి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని మర్యాదగా ఒకటే అడగండి: "సార్, ఇది ఒక్కరోజులో ఎన్ని మిల్లీమీటర్ల వానకు వేసిన డిజైను?" దాచుకున్న మూడో అంకె ఇప్పుడు బయటికి తీయండి. 900 ఎంఎం పైపు నోరు 600 ఎంఎం దానికంటే రెండున్నర రెట్లకు కాస్త తక్కువ, సరిగ్గా చెప్పాలంటే 2.25 రెట్లు పెద్దది. పైపు ఖర్చు పెరుగుతుంది నిజమే, కానీ తవ్వకం, కూలీ, రవాణా కొంత పెరుగుతాయే తప్ప రెట్టింపు కావు. రెండేళ్లకోసారి కొట్టుకుపోయేదాన్ని మూడుసార్లు కట్టిన ఖర్చు పక్కన రాసి చూపించండి. ఏఈలు మొండివాళ్లేమీ కాదు. ఎవరూ అడగరు కాబట్టి పాత ఫైలే తిప్పుతారు. అడిగి, ఆధారం ఇచ్చి, తీర్మానంలో రాయించండి. మౌఖికంగా చెప్పింది ఎస్టిమేటులోకి రాదు.

సీసీ రోడ్డు అంటే అందరికీ మోజు. పక్కన డ్రెయిన్ లేకుండా రోడ్డు లేపితే పక్క ఇళ్లలోకి నీరు పోతుంది. ముందు డ్రెయిన్, అది కలిసే చోటు, ఆ తరవాతే రోడ్డు.

చెరువు పూడికతీత విషయంలో చాలామంది మట్టి ఎన్ని ట్రాక్టర్లు తీశారన్నదే చూస్తారు. చూడాల్సిన వరస వేరు. మొదట చెరువులోకి నీరు తెచ్చే కాలువ బాగుందా, తరవాత అలుగు (తెలంగాణలో మత్తడి) పెద్ద వానకు సరిపోతుందా, కట్ట బలం ఎంత, తూము సరిగా ఉందా, చివరికి పూడిక. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు తెగితే కింద చెరువు కూడా పోతుంది. మీ చెరువు ఎంత గట్టిదైనా పై ఊరి కట్ట బలహీనంగా ఉంటే మీకు నిద్ర పట్టకూడదు. ఇది మండల స్థాయిలో తేల్చాల్సిన ముచ్చట, కింద మళ్లీ వస్తాను.

మొక్కల సంగతి. నాటిన సంఖ్య కాదు, రెండో వేసవి దాటినవి లెక్క. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం 85 శాతం మొక్కలు బతకాలన్న బాధ్యతను పంచాయతీ మీద పెట్టింది, ఊరికో నర్సరీ పెట్టమంది. మీరు ఆంధ్రలో ఉన్నా ఆ అంకెను అరువు తెచ్చుకోండి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ పెట్టకండి. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దని ఉత్తర్వులే ఇచ్చింది. వేప, కానుగ, చింత, రావి మనకు తెలిసినవే. నీళ్లు పోసే మనిషికి కూలి ఎక్కడినుంచి ఇస్తారో రాయకుండా మొక్కల పని పాస్ చేయొద్దు.

ఒక్కోసారి మంచి పని కూడా బెడిసికొడుతుంది. సోలార్ పంపు అలాంటిదే. కరెంటు బిల్లు లేదు, పొగ లేదు, బ్రహ్మాండం. కానీ ఎండ ఉన్నంతసేపూ ఉచితంగా తోడుతుంటే పైన వేసిన నీటి లెక్క ఏం కావాలి? సోలార్ పంపుకు డ్రిప్‌ను, నీటి బడ్జెట్‌ను జోడించి మాత్రమే సిఫారసు చేయండి.

ఎండకు పెద్దగా ఖర్చు లేదు

2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పొలంలో, రోడ్డు మీద, రేకుల కింద ఉన్నవాళ్లు. వరదకు ఫొటోలుంటాయి, ఎండకు ఉండవు. అందుకే ప్రణాళికల్లో ఎండ కనిపించదు. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు పెరిగితే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. 45 చేరితే నేరుగా వడగాలే. కోస్తాలో 37 డిగ్రీలకే అప్రమత్తం కావాలి. అక్కడ ఉక్కపోత ఎక్కువ.

చేయగలిగినవి చిన్నవి. ఉపాధి పనులు తెల్లవారుజామున మొదలుపెట్టి పదిన్నరకల్లా ముగించే తీర్మానం, పని చోట నీడ, నీళ్లు, ఓఆర్‌ఎస్. ఒంటరి ముసలివాళ్ల జాబితా ఆశా కార్యకర్త దగ్గర, ఒక్కో ఇంటికి ఒక పలకరించే మనిషి. బడి, అంగన్‌వాడీ డాబాలకు, రేకుల ఇళ్లకు తెల్ల సున్నమో కూల్ పెయింటో. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. సున్నానికి విధానం కూడా అక్కర్లేదు, మన నాయనమ్మలు ఉగాదికి వేసిందే కదా, గోడలు ఆపి పైకప్పు ఎక్కడమే తేడా.

ఏ పనికి ఏ జేబు

"వాతావరణ నిధి" అని పంచాయతీకి వేరే ఖాతా ఉండదు. ఉన్న జేబుల్లోంచే తీయాలి. 15వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2021-26లో, పంచాయతీ గ్రాంటులో 60 శాతం ముందే కట్టిపెట్టి ఉండేది. సగం పారిశుధ్యానికి, సగం తాగునీరు, వాననీటి సేకరణకు. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి కొత్త మార్గదర్శకాలు కార్యదర్శి దగ్గర చూడండి. కందకాలు, చెరువు కాలువలు, నీటి కుంటలు, నర్సరీలు ఉపాధి హామీ పనులు. 2005 నాటి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అందులో తీవ్ర వాతావరణ ఘటనలను తట్టుకునే పనులు ఒక విభాగంగానే ఉన్నాయి. ఇది మీకు అనుకూలమైన మాట, ఎంపీడీఓ ఆఫీసులో తాజా సర్క్యులర్ అడిగి, పని పేరును ఆ విభాగం భాషలోనే రాయండి.

కట్ట బలోపేతం, తుపాను షెల్టర్ లాంటి పెద్ద పనులకు రాష్ట్ర విపత్తు ఉపశమన నిధి దారి ఉంది. 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధిలో 20 శాతాన్ని నష్టం జరక్కముందే తగ్గించే పనులకు కేటాయించింది. మిగతా 80 శాతంలో ఎక్కువ భాగం జరిగాక ఇచ్చేది. చాలా పంచాయతీలు ఆ 80 కోసమే వరస కడతాయి. ఇళ్ల మీద సోలార్‌కు పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇంటివాళ్లకే వస్తుంది. పంచాయతీ చేయాల్సింది దరఖాస్తులు ఒక శనివారం కూర్చుని పూర్తి చేయించడం.

సొంత బుర్రతో డబ్బు పుట్టించినవాళ్లూ ఉన్నారు. కేరళ వయనాడ్‌లోని మీనంగాడి పంచాయతీ 2016లో కర్బన తటస్థ లక్ష్యం (పైన చెప్పిన నికర సున్నా లాంటిదే) పెట్టుకుని, చెట్టు నరకకుండా ఉంచిన రైతుకు ఆ చెట్టునే తాకట్టుగా తీసుకుని వడ్డీ లేని అప్పు ఇచ్చింది. చెట్టు కొట్టేస్తే అప్పు తీర్చాలి. జమ్మూలోని పల్లి పంచాయతీలో 2022లో 500 కిలోవాట్ల సౌర కేంద్రం వచ్చింది. రెండోది కేంద్రం అండతో జరిగింది, అందరికీ వీలు కాదు. మొదటిది ఆలోచించదగ్గది.

సాగు విషయంలో ఆంధ్రలో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం నడుపుతోంది, 2024లో దానికి గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఖాళీగా ఉంచకపోవడం వాళ్ల పద్ధతుల్లో ఒకటి. పంచాయతీ దానికి నేరుగా డబ్బు పెట్టలేకపోయినా, విత్తనాలు ఎవరికి ఎప్పటికి కావాలో జాబితా చేసి సమాఖ్యకు ఇవ్వొచ్చు.

ఊరి హద్దు దగ్గర ఆగిపోకండి

వాగుకు పంచాయతీ హద్దు తెలియదు. పై ఊరు, కింది ఊరు సర్పంచులతో కలిసి ఒక చెట్టు కింద కూర్చోండి. మూడు ఊళ్ల తీర్మానాలు ఒకే మాటతో ఉంటే మండల ప్రణాళికలోకి ఎక్కడం తేలిక. జిల్లాకు రెండు తలుపులున్నాయి. ఒకటి రాజ్యాంగం 243జెడ్‌డి అధికరణం కింద ఉండాల్సిన జిల్లా ప్రణాళికా కమిటీ. అది చురుగ్గా ఉన్న చోట్లు తక్కువేనని ముందే చెబుతున్నాను. రెండోది కలెక్టర్ నేతృత్వంలోని జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళిక. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం అది ప్రతి జిల్లాకూ ఉండాలి, ఏటా సమీక్షించాలి. నా అనుభవంలో రెండో తలుపే త్వరగా తెరుచుకుంటుంది. సమీక్ష రుతుపవనాలకు ముందు జరుగుతుంది కాబట్టి మీ కాగితం ఏప్రిల్‌కల్లా అక్కడ ఉండాలి. వాన ఆలస్యమైతే ఏ పంట వేయాలో హైదరాబాద్‌లోని క్రిడా (CRIDA) అనే మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ దేశంలోని జిల్లాలకు ఆకస్మిక ప్రణాళికలు తయారు చేసి పెట్టింది. మీ జిల్లాది తీసి వ్యవసాయాధికారితో కలిసి చదవండి.

తీర్మానం ఇలా రాయొచ్చు, ఖాళీలు మీరు నింపుకోండి:

"మా గ్రామంలో ……, ……, …… సంవత్సరాల్లో ఒక్కరోజులో …… మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసి …… వాగుపై కల్వర్టు దెబ్బతిని, …… కుటుంబాలకు …… రోజులు రాకపోకలు నిలిచిపోయినందున, ఇకపై ఈ వాగుపై చేపట్టే ఏ నిర్మాణమైనా పై వర్షపాతాన్ని ప్రాతిపదికగా తీసుకుని డిజైను చేయాలని, ఎగువన ఉన్న …… చెరువు అలుగును తనిఖీ చేయించాలని, ఈ విషయాన్ని మండల, జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళికల్లో చేర్చాలని గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించింది."

ఇందులో వాతావరణ మార్పు అన్న మాట ఒక్కసారి కూడా లేదు, గమనించారా? కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోవడం మరవొద్దు.

కొలిచి గోడ మీద రాయండి

ఊరి నాలుగు దిక్కులా నాలుగు బోర్లు ఎంచుకోండి. టేపుకు చిన్న బరువు కట్టి దించితే నీరు తగిలినప్పుడు చప్పుడు, తడి రెండూ తెలుస్తాయి. మోటారు ఆపి కొన్ని గంటలైనా అయి ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలవండి. పంచాయతీ ఆఫీసు బయట గోడ మీద పెయింటుతో అయిదు వరసలు: ఈ ఏడాది వాన, వానరోజులు, నాలుగు బోర్ల మట్టం, నాటిన మొక్కల్లో బతికినవి, కొట్టుకుపోయిన కల్వర్టులు. పక్కన మరో నాలుగు ఏళ్లకు ఖాళీ గడులు గీయించండి. పెయింటు ఖర్చు సాధారణ నిధిలో పడుతుంది, బిల్లు పెట్టుకోవచ్చు.